సారుకు జాగ దొరకని బస్సు

అప్పట్ల నాకు ఇరవయ్యేండ్లు గూడ నిండలె. లోకంల ఏ లొల్లి అయినా ఫోన్ తీసి నలుగురికి చెప్తే సాఫ్ అయితదని నమ్మేటోణ్ణి. (ఇప్పుడు గూడ ఫోన్ చేతులనే ఉంటది, నమ్మకమే పోయింది.) గా టైంల బస్సు డిపోల కాంట్రాక్ట్ నౌకరి దొరికింది. పనేందంటే, జనం ఫోన్ చేసి "బస్సు యాడుంది?" అంటే "దగ్గర్లనే ఉందమ్మా, వస్తుంది" అని చెప్పుడు. యాడుందో నాకు గూడ తెల్వది. తిట్లు మాత్రం నాకే. నేను గూడ తిరిగి తిట్టేటోణ్ణి, గది వేరే ముచ్చట.

మా లాల్‌దర్వాజా సందులకెల్లి నయాపూల్ దాక ఒక చిన్న బస్సు నడిచేది. డ్రైవర్‌ను అందరు బ్రేక్ చాచా అనేటోళ్ళు. చెయ్యెత్తినా ఆపుతడు, తల గోక్కున్నా ఆపుతడు. మా అమ్మ నయాపూల్ అవతల ఒక ఆఫీసుల ఊడ్చి తుడిచే పనికి మధ్యాహ్నం ఆ బస్సుల్నే పోయేది. మోకాళ్ళు ఖరాబైనయ్, మెయిన్ రోడ్డు దాక నడుసుడు ఆమెతోని కాదు. బస్సు ఉంటేనే అమ్మకు నౌకరి. గంతే.

గసొంటి బస్సును బంద్ చేస్తరని డిపోల మాట పుట్టింది. పెద్దసారు ఒకాయన మండే ఎండల, మిట్టమధ్యాహ్నం ఏసీ కారుల వచ్చి చూసి, "ఖాళీ బస్సు తిప్పుడెందుకు?" అన్నడంట. పొద్దుగాల స్కూలు పోరగాళ్ళు, కూలోళ్ళు డోరుకు వేలాడుకుంట పోతుంటే ఆ సారు ఇంట్ల టిఫిన్ తింటుండె, ఎట్ల కనపడ్తది? గురువారం అదే మధ్యాహ్నం బస్సు ఎక్కి చూసి ఆఖరి మాట చెప్తడని తెలిసింది. నా నెత్తురు మసిలింది. బస్తీ గ్రూపుల వాయిస్ మెసేజ్ పెట్టిన: "అన్నా, అక్కా, గురువారం బస్సుల ఒక్క సీటు ఖాళీ కనపడొద్దు. రానోళ్ళ ఇంటి ముంగట లొల్లి నాదే!"

వచ్చిండ్రు. అబ్బో, మస్తు వచ్చిండ్రు. పాలు పోసే అన్న ఇంటికొచ్చిన చుట్టాలను గూడ తోలుకొచ్చిండు. వాళ్ళత్త పట్టుచీర కట్టి, పూలు పెట్టుకొని వచ్చింది. (సారు ఫోటో తీస్తడేమోనని.) ఒక ముసలాయనను మనుమలు కుర్చీతో సహా ఎక్కిచ్చిండ్రు. నేను డిపోకు ఎగ్గొట్టి, మెట్టు మీద వేలాడుకుంట వీడియో తీస్తున్న. చాచా అద్దంల చూసి, "అరే మియా, యే బస్ హై కి బారాత్?" అన్నడు. (బస్సా, పెండ్లి ఊరేగింపా అని.) "నువ్వు నడుపు చాచా, ఫికర్ చెయ్యకు" అన్న.

తర్వాతి స్టాపుల సారు నిలబడ్డడు. ఎక్కినోళ్ళెవ్వరు దిగలె. పోవాల్సిన జాగ ఉంటే కదా దిగుడు! సారు ఒక కాలు మెట్టు మీద పెట్టిండు, రెండో కాలుకు జాగ దొరకలె.

"జరగండయ్యా, లోపలికి జరగండి!"

"ఏడికి జరగాలె, నీ నెత్తి మీదికా?" అన్నది పట్టుచీర అత్త. ఆయనే సారని ఆమెకేం తెలుసు? "ఎనక బస్సుల రా, పో!"

(ఎనక బస్సు యాడిది? ఉన్నదే ఒక్కటి.) బస్సు కదిలింది. సారు బూటు మెట్టు మీద, సారు రోడ్డు మీద. జనం ఈలలు. నాకైతే ఎలక్షన్ గెలిచినట్టే అయింది. "ఇగ యాడ ఆపకు చాచా, సీదా నయాపూల్!" అని ఒర్రిన. చాచా గూడ జోష్‌ల ఉన్నడు, జీవితంల మొదటిసారి బ్రేకు ముట్టలె.

నయాపూల్‌ల దిగినమో లేదో అమ్మ ఫోన్.

"యాడున్నవ్‌రా?"

"బస్సుల వచ్చిన అమ్మా! ఫుల్లు! సారుకే జాగ దొరకలె!"

"చూసిన. మన ఇంటి కాడ నా ముంగటికెల్లే పోయింది. చెయ్యెత్తిన, ఆపలె. నీ బస్సుల నాకే జాగ లేకపాయె గదా బిడ్డా."



కొన్ని రోజులకు డిపోల నోటీసు అంటిచ్చిండ్రు. సందు ఇరుకు, రద్దీ ఎక్కువ, ప్రమాదం అయితది గన్క బస్సు బంద్. ఖాళీగ పోతే నష్టమంట, నిండుగ పోతే ప్రమాదమంట. ఆయనకు కావాల్సింది బంద్ చేసుడే, కారణం మేమే పట్టుచీర కట్టి తీస్కపోయి ఇచ్చినం. నేను సారు రూంల జొరబడి బల్ల గుద్దిన, అదే దినం నా నౌకరి గూడ బంద్. అమ్మ కొన్నాళ్ళు గోడలు పట్టుకొని మెయిన్ రోడ్డు దాక నడిచింది. తర్వాత పని ఇడిసిపెట్టింది. నన్ను ఒక్క మాట అనలె. తిడితే బాగుండు.

ఇప్పుడు సంతోష్‌నగర్‌ల సెల్‌ఫోన్ల దుకాణంల కూసుంటున్న. కోపం ఇంకా గట్లనే ఉంది, బల్లలే మారినయ్. ఎప్పుడన్న మెట్టు మీద వేలాడుకుంట ఒర్రే ఆ పోరడు యాదికొస్తడు. చెవు పిండి, ఇరానీ చాయ్ ఒకటి తాగిపిచ్చి, "ఊరంతటిని పిలిచినవ్ గదరా, అమ్మకొక సీటు ఆపకపోతివి" అనాలనిపిస్తది. నవ్వొస్తది. వాడు యాడ ఇంటడు? ఫోన్ల మాట్లాడుతున్నడు.