ఫిలోమినా రెండుసార్లు చెప్పింది

తిరుపతయ్య రెండు వేల ఒకటిలో డబ్లిన్ వచ్చాడు. టాలా అనే శివారు పేటలో ఇల్లు అద్దెకు తీసుకుని, ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుగా చేరాడు. గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు అక్కడ తయారయ్యేవి. ఐర్లండ్‌లో ఉద్యోగాలు ఎక్కువ, మనుషులు తక్కువగా ఉన్న కాలం అది. ఆర్నెల్లు తిరక్కముందే భార్య కనకలతను కూడా పిలిపించుకున్నాడు.

తిరుపతయ్య వాళ్ళ నాన్న నరసరావుపేటలో హెడ్మాస్టరు. ఆ ఇంట్లో పట్టించుకోవాల్సిన మాట ఎప్పుడూ పెద్దవాళ్ళ నోట, గట్టిగా వచ్చేది. బళ్ళో సారు "అండర్‌లైన్ చేసుకోండ్రా, పరీక్షలో వస్తుంది" అంటేనే పెన్నులు కదిలేవి. అంట్లు తోమే సరోజమ్మ రోజూ ఏదో ఒకటి చెప్తూనే ఉండేది, ఎవరూ తల తిప్పేవారు కాదు. తిరుపతయ్య అలా పెరిగాడు, అలాగే ఫస్టు ర్యాంకులు తెచ్చుకున్నాడు. ఇక్కడ కూడా మేనేజరు డెక్లన్ నోట వచ్చిన ప్రతి ముక్కా డైరీలో రాసుకుని సాయంత్రంలోగా పూర్తిచేసేవాడు. డెక్లన్‌కి అతనంటే మంచి గురి.

ప్యాకింగులో ఫిలోమినా అనే ఆవిడ ఉండేది. అరవైకి దగ్గరపడింది. గొట్టాలను కవర్లలో పెట్టి వేడితో అతికించే మిషన్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఒక మార్చి పొద్దున అటుగా వెళ్తున్న తిరుపతయ్యను ఆపింది.

"తిరూ, ఎప్పుడైనా తీరిక దొరికితే ఆ మూడో మిషన్ ఓసారి చూస్తావా? కవరు అతికేటప్పుడు చప్పుడు కాస్త మెత్తగా వస్తోంది. ఏమీ లేకపోవచ్చులే."

"ష్యూర్, ష్యూర్" అన్నాడు. డెక్లన్‌కి ఇవ్వాల్సిన రిపోర్టు చేతిలో ఉంది.

ఆవిడ నోట "తీరిక దొరికితే" అంటే వెంటనే చూడమని అర్థం. "ఏమీ లేకపోవచ్చు" అంటే ఏదో ఉందనే. అది అతనికి తెలియదు. తెలిసినా చెవికెక్కేది కాదేమో, చెప్పింది కవర్లు అతికించే మనిషి గదా. మర్నాడు ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ ష్యూర్ అన్నాడు.

రెండు వారాలకు పరీక్షలో కవర్ల అతుకులు ఊడుతున్నాయని తేలింది. అదృష్టం కొద్దీ సరుకు ఇంకా ఆస్పత్రులకు వెళ్ళలేదు. అతుకు ఊడితే లోపలికి క్రిములు చేరతాయి గనక వేల గొట్టాలు పారేశారు. డెక్లన్ అందరినీ కూర్చోబెట్టాడు.

"ముందే ఎవరికీ అనుమానం రాలేదా?"

"నాకెవరూ చెప్పలేదు" అన్నాడు తిరుపతయ్య. అబద్ధమాడుతున్నానని ఆ క్షణాన అతనికి తెలియదు. నిజంగానే గుర్తులేదు.

"నాకు అనిపించింది. చెప్పాను" అంది ఫిలోమినా.

"ఎవరికి?"

ఆవిడ ఒక్కసారి తిరుపతయ్య వంక చూసింది. ఆ చూపుతో మెత్తటి చప్పుడు సంగతి మొత్తం గుర్తొచ్చింది అతనికి. చేతిలోని డైరీలోకి తల వంచాడు.

"ఇప్పుడు గుర్తు రావట్లేదు, డెక్లన్" అందావిడ.

అనుమానం వస్తే మిషన్ దగ్గరి పుస్తకంలో రాయాలన్న రూలు పాటించనందుకు ఫిలోమినాకు వార్నింగు లెటరిచ్చారు.

తిరుపతయ్య మూడు రోజులు సరిగ్గా తిండి తినలేదు. నాలుగో రోజు కనకలత గట్టిగా అడిగితే చెప్పాడు.

"అదే మాట మీ మేనేజరు అనుంటే?" అంది ఆమె.

"పరిగెత్తేవాణ్ణి."

"మరి ఆవిడ అబద్ధమాడి మిమ్మల్ని కాపాడుతుంటే ఎలా ఊరుకున్నారండీ?"

మర్నాడు తిరుపతయ్య డెక్లన్ గదిలోకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. డెక్లన్ "ఆవిడ లెటరు వెనక్కి తీసుకుంటాను. నీకొకటి వస్తుంది" అన్నాడు. ఆ ఏడు రావాల్సిన ప్రమోషన్ పోయింది. అది పెద్దగా నొప్పెట్టలేదు. ఫిలోమినా ఎదుట నిలబడటమే కష్టమైంది.

"క్షమించండి. మీరు చెప్పినప్పుడు నేను వినలేదు."

"విన్నావు తిరూ. ష్యూర్ అని కూడా అన్నావు." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఇరవై రెండేళ్ళలో నా పేరున కాగితం రాయడం అదే మొదటిసారి."

ఆనాటి నుంచి అతను రోజూ పొద్దున్నే ప్రతి మిషన్ దగ్గరా ఆగి ఎలా ఉందని అడిగేవాడు. "గ్రాండ్" అనేవాళ్ళు అందరూ, అంతా బాగుందని. నెలల తరబడి అదొక్కటే మాట. తనకు చెప్పి లాభం లేదని వాళ్ళు తేల్చుకున్నారని అతనికి అర్థమైంది. అయినా అడగడం మానలేదు. ఏడాది దాటాక ఎవరో ఒకామె మిషన్ బెల్టు వదులైందని చెప్పింది. రాసుకోకుండా, వెంటనే ఆమె వెంట వెళ్ళాడు.

రెండు వేల ఆరులో ఫిలోమినా రిటైరైంది. పబ్‌లో వీడ్కోలు విందు. తిరుపతయ్య ఆరెంజ్ జ్యూసు గ్లాసుతో ఓ మూల నిలబడ్డాడు. ఆవిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చి, "ఈయన తిరూ, మా ఇంజనీరు" అని పరిచయం చేసింది. భర్త నవ్వుతూ చెయ్యి కలిపాడు. ఏమీ తెలియని ముఖం. ఆ లెటరు సంగతి ఆవిడ ఇంట్లో కూడా చెప్పుకోలేదన్నమాట. తిరుపతయ్యకు సిగ్గేసింది. ఆ పెద్దాయన చెయ్యి వదలడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు.