బావకి దారి అందించిన రోజులు

మొన్న అవనిగడ్డలో పెళ్ళికి మా అబ్బాయి కారులో బయల్దేరాం. వాడు పుట్టి పెరిగింది విజయవాడలోనే, పక్కన కూర్చున్న నాకు ఆ దారి కొట్టినపిండి, అయినా సరే ముందు ఫోను తగిలించి దాన్ని దారి అడిగాడు. అందులోంచి ఒక ఆడగొంతు "రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి" అంటూ చెప్పుకొస్తోంది. మొదట నాకు ఒళ్ళు మండింది. కన్నతండ్రిని పక్కన పెట్టుకుని ఈవిణ్ణి అడగడమేమిటి? కానీ కాసేపు విన్నాక ఒప్పుకోక తప్పలేదు, ఆవిడ పని వచ్చిన మనిషి. మరీ ముందుగా చెప్పదు, మలుపు మీదకి వచ్చేదాకా నానబెట్టదు, ఎన్నిసార్లు తప్పిపోయినా విసుక్కోదు. పామర్రు దాటాక రోడ్డు తిన్నగా ఉన్నచోట చాలాసేపు ఊరుకుంది. నేను ముందుకి వంగి రోడ్డు కేసి చూశాను. "ఒరేయ్, ఆవిడ మాట్లాడటం లేదేమిటి? కదిలించి చూడు" అన్నాను. "తిన్నగా పోవడమే నాన్నా, ఇంకేం చెబుద్ది?" అని మావాడు నవ్వాడు. వెనక సీట్లోంచి కోడలు కూడా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

డెబ్బైల్లో నేను ఒక నాటకాల కంపెనీలో ప్రాంప్టర్ని. ఈ కాలం వాళ్ళకి ఆ ఉద్యోగం గురించి చెబితే, అదీ ఒక ఉద్యోగమేనా అన్నట్టు చూస్తారు. పక్క తెర చాటున పుస్తకం పట్టుకుని నిలబడి, నటుడికి మాట గుర్తు రానప్పుడు మొదటి ముక్క అందించాలి. జనానికి వినపడకూడదు, అతనికి వినపడాలి. మా నాన్న గుణదల చర్చిలో పాటలు నేర్పేవాడు. కొడుకు వేషాలవాళ్ళ వెంట పడ్డాడని చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. చర్చిలో మాతకి దణ్ణం పెట్టుకుని వెళ్ళి పురాణాల పద్యాలు అందించి వచ్చేవాణ్ణి, అందులో నాకేమీ తేడా కనిపించలేదు. ఆ పనిలో పెద్ద తప్పు ఆలస్యంగా అందించడం అనుకుంటారు అందరూ. కాదు. ఊపు మీదున్న నటుడికి మాట అందించడం అంతకంటే పెద్ద తప్పు. అతను బాగా చెబుతున్నాడా, నువ్వు నోరు మూసుకోవాలి. ఆగితే, తనంతట తను అందుకుంటాడేమో ఒక్క క్షణం చూడాలి. నాకు ఆ పని నేర్పిన ముసలాయన మొదటి వారమంతా నన్ను మాట్లాడనివ్వకుండా, కేవలం ఊరుకోవడమే నేర్పించాడు.

కంపెనీ లారీ తోలేది మా బావ, అంటే మా అక్క భర్త. నన్ను అక్కడ పెట్టించింది కూడా ఆయనే. అక్క మాకందరికీ వంట చేసేది. కోతలయ్యాక మొదలుపెడితే వానలు పడేదాకా మా బతుకు ఆ లారీలోనే. అడుగున చెక్క బల్లలు, వాటి మీద వెదురు బొంగులకి చుట్టిన తెరలు: రాజు కొలువు, అడవి, వీధి, చెరసాల. ఆ పైన బట్టల పెట్టెలు, వాటి మీద మనుషులు. మేకప్పు పెట్టె మాత్రం కాబిన్‌లో నా కాళ్ళ దగ్గర ఉండాలి, ఎందుకంటే మీసాలు అంటించే స్పిరిట్ బంక సీసాలు అందులో ఉంటాయి, వెనక వేస్తే పగులుతాయి. ఆ వాసన, అక్క గంపలోని ఆవకాయ వాసన, ఇంజను వేడి, ఇవన్నీ కలిసిన గాలి పీల్చుకుంటూ దివిసీమంతా తిరిగాను. బావ స్టీరింగ్ పట్టుకుంటే వేరే మనిషైపోయేవాడు. ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, బండి ఎక్కితే కూనిరాగం తీసేవాడు. గుంటలో దిగినా వెనక ఉన్న వాళ్ళ నిద్ర చెడేది కాదు.

బావకి రేచీకటి. ఈ సంగతి అక్కకీ నాకూ తప్ప కంపెనీలో ఎవరికీ తెలియదు. పగలు డేగ చూపు, పొద్దు వాలిందంటే ఎదుట నిలబడ్డ మనిషి కూడా నీడలా ఉండేవాడట. హెడ్‌లైట్లు వేసినా, ఆ వెలుగు పడినంత మేర ఏదో పాలు ఒలికినట్టు కనిపించేది తప్ప రోడ్డెక్కడో గట్టెక్కడో తెలిసేది కాదు. అక్క ఆయనకి పెట్టని పొన్నగంటి కూర లేదు, వండని మేక లివరు లేదు. "కళ్ళకి మంచిదండీ" అని ఆవిడ వడ్డించడం, "కంచం మాత్రం బాగా కనపడతందే" అని ఆయన అనడం రోజూ ఉండేది. విజయవాడలో కళ్ళ డాక్టరు చూసి, దీనికి మందు లేదు, మెల్లిగా పగటి చూపు కూడా తగ్గుతుంది, వేరే పని వెతుక్కో అన్నాడు. బావ డాక్టరు గారి బల్ల మీదున్న గాజు గోళీ కేసి చూస్తూ, "నాకు ఇంకో పని రాదండీ" అన్నాడు. బయటికొచ్చాక అక్క నా చెయ్యి తన తల మీద పెట్టించుకుంది, పెద్దాయనకి చెప్పనని. పెద్దాయనంటే మా కంపెనీ యజమాని, రాజు వేషం ఆయనదే.

నిజానికి గుడ్డిలో మెల్లలాగ, రేచీకటి ఉన్న డ్రైవరుకి నాటకాల కంపెనీని మించిన చోటు లేదు. రాత్రంతా ఆట, ఆ టైములో బావ లారీ కింద చాప వేసుకుని గురకపెట్టేవాడు. తెల్లారాక అందరూ పడుకుంటే ఆయన టైర్లు చూసుకునేవాడు. మధ్యాహ్నం బయల్దేరి పొద్దు ఉండగానే తర్వాత ఊరు చేరేవాళ్ళం. ఎప్పుడైనా దారిలో మసక పడితే "ఇంజను వేడెక్కిందండీ" అని పక్కకి లాగేసేవాడు. ఊరు కనుచూపు మేరలో ఉంటే మాత్రం నేను పక్కన కూర్చుని దారి అందించేవాణ్ణి, అచ్చం స్టేజీ మీద అందించినట్టే. "ఎడమ… కొంచెం ఎడమ… తిన్నగా… సైకిలు." వెనకవాళ్ళకి వినపడదు, ఆయనకి వినపడుతుంది. ఆయన నా మాట పూర్తి కాకుండానే చక్రం తిప్పేవాడు. ఇద్దరం ఎంత బాగా కుదిరామంటే, మా ఘనకార్యానికి మేమే మురిసిపోయేవాళ్ళం. అక్క మాత్రం కిటికీ పక్కన కూర్చుని జపమాల తిప్పుతూ ఉండేది.

ఒక రోజు మాత్రం బాగా ఆలస్యమైంది, కారణం ఒక శాలువా. ఆట అయిన ఊళ్ళో ప్రెసిడెంటు గారు పెద్దాయనకి సన్మానం పెట్టుకున్నారు. పెద్దాయనకి శాలువా అంటే ప్రాణం, ఎండాకాలమైనా సరే. శాలువా తర్వాత భోజనం, భోజనం తర్వాత ఉపన్యాసాలు. ఆ ఊరి మేష్టారు ఒకాయన రాజు వేషం గురించి గంటసేపు మాట్లాడాడు. బావ నిమిషానికోసారి ఆకాశం వైపు చూస్తున్నాడు. చివరికి పెద్దాయనా నటులూ ప్రెసిడెంటు గారి జీపూ, బస్సూ పట్టుకుని ముందు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ పెద్దాయన బావతో, "కొత్త ఊరయ్యా. ఇవాళ తెర లేవకపోతే ఇంకీ చుట్టుపక్కల మనల్ని పిలిచేవాడుండడు. ఇంజను వేడి గింజను వేడి అనమాక" అన్నాడు. "అలాగేనండీ" అన్నాడు బావ. ఇంకేమంటాడు?

చల్లపల్లి దాటేసరికి పొద్దు గుంకింది. వెనక చుట్టిన తెరల మీద, స్టేజీ తెరలు లాగే మనుషులిద్దరు పడుకుని ఉన్నారు. ముందు మేం ముగ్గురం. ఇంకా నాలుగైదు మైళ్ళు కాలవ గట్టు మీద పోవాలి. "ఆపేద్దాం బావా" అన్నాను. "ఆపితే ఎందుకాపావంటారు. నువ్వు అందించు" అన్నాడు. మొదలుపెట్టాను. ఎడమ, తిన్నగా, గుంట, ఎడ్లబండి, కుడి. అంత దూరం ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి మైలు చక్రం బిగించి పట్టుకుని నత్తలా తోలాడు. రెండో మైలుకి కుదురుకున్నాడు. మూడో మైలులో కూనిరాగం మొదలుపెట్టాడు. రోడ్డు తిన్నగా ఉంది, కాలవ నీళ్ళలో ఇంకా కొంచెం ఎర్రదనం మిగిలి ఉంది, బండి నూనె పోసినట్టు పోతోంది. నేను నోరు మూసుకున్నాను. ఎవరూ చెప్పలేదు నాకు, ఏ ఆలోచనా చెయ్యలేదు. నటుడు ఊపు మీదున్నాడు, ప్రాంప్టరు ఊరుకోవాలి, అంతే. కాలవ నీళ్ళు ఆపే లాకుల దగ్గర రోడ్డు కుడికి తిరగడం చూశాను. చూసి కూడా, తనంతట తను అందుకుంటాడేమోనని ఒక్క క్షణం ఆగాను.

ఆ క్షణంలో లారీ కాలవలోకి దిగింది. మరీ వేగం లేదు కాబట్టి బతికాం. వెనకున్న ఇద్దరూ గట్టు మీదకి విసిరేసినట్టు పడి లేచారు. తలుపు కింద పడ్డ అక్క కుడిచెయ్యి మోచేతి దగ్గర నలిగిపోయింది. ఆవిడ కేక కూడా వెయ్యలేదు, "ఆయన్ని చూడరా, ఆయనకి కనపడదు" అంటోంది. అక్కని గట్టు మీద కూర్చోబెట్టి వెనక్కి తిరిగితే, తాళ్ళు తెగిన తెరలు నీళ్ళలో విచ్చుకుంటున్నాయి. అవి బంకలో కలిపి వేసిన రంగులు, నీళ్ళు తగిలితే నిలవవు. లాకుల దగ్గరి దీపం వెలుతురులో రాజు కొలువు స్తంభాల నీలం, అడవి ఆకుపచ్చ కరిగి కాలవలో పోతూ ఉంటే నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చూశాను. మళ్ళీ అలాంటి తెరలు వేయించే శక్తి కంపెనీకి లేదని నాకు తెలుసు.

కబురు తెలిసి పెద్దాయన జీపులో వచ్చాడు, భుజాన ఆ శాలువాతోనే. కాబిన్‌లో మేకప్పు పెట్టె పగిలి, స్పిరిట్ అంతా బావ చొక్కా మీద పడి ఉంది. పెద్దాయన దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చి, "తాగి తోలావా?" అని అడిగాడు. బావ జన్మలో ఒక్క చుక్క ముట్టిన మనిషి కాదు. గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, "తాగానండి" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. కాదండీ, ఈయనకి కనపడదు, దారి చెప్పాల్సింది నేను, నేనే ఊరుకున్నాను అని చెప్పడానికి నాకు నోరుంది. చెప్పలేదు. పెద్దాయన బావ చెంప మీద కొట్టి, అక్క చెయ్యి చూసి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆసుపత్రి వరండాలో బావ నాతో, "తాగుబోతుకైతే ఇంకో బండి ఇత్తారురా. గుడ్డోడికి ఎవరిత్తారు?" అన్నాడు. ఆయన లెక్క తప్పలేదు. పెద్దాయన కంపెనీ ఆ ఏడే మూసేశాడు, కానీ బావకి ఏడాది తిరక్కుండా ఒక రైసు మిల్లులో పగటి బండి దొరికింది. నాలుగేళ్ళు తోలాడు. తర్వాత డాక్టరు చెప్పినట్టే పగటి చూపు కూడా పోయింది. అక్క వంకర చెయ్యితోనే హాస్టల్లో వంటకి కుదిరింది. తాగుబోతు పెళ్ళాం అన్న పేరు ఆవిడకి జీవితాంతం మిగిలింది. గుణదలలో మా వీధి ఆడవాళ్ళు శుక్రవారం శుక్రవారం వచ్చి, బావ చేత తాగుడు మాన్పించమని ప్రభువుని వేడుకునేవాళ్ళు. బావ బుద్ధిగా మోకాళ్ళ మీద కూర్చుని ఆమెన్ అనేవాడు. వాళ్ళు వెళ్ళాక, "ఇన్నాళ్ళ నుంచీ మానేసే ఉన్నానుగా, ఇంకెంత మానమంటారే" అని అక్కని నవ్వించేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి. చెప్పాలని ఎన్నోసార్లు వెళ్ళాను, కాఫీ తాగి వచ్చేశాను.

ముప్పై ఏళ్ళు అలా కాఫీలు తాగాను. ఆయనకి చివరి జబ్బు చేసినప్పుడు, అక్క మందులకి వెళ్ళిన ఒక పూట, మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. "బావా, ఆ రోజు మలుపు నాకు కనపడింది. నేనే అందించలేదు. అక్క చెయ్యి నా వల్లే పోయింది, నీకా చెడ్డపేరు నా వల్లే వచ్చింది" అని ఏడ్చాను. ఆయన చెయ్యి గాలిలో వెతికి నా మోకాలు దొరకబుచ్చుకుంది.

"నువ్వు ఆపేశావని నాకు తెలవదేంట్రా? పక్కనే ఉన్నాగా" అన్నాడు. "బాగా తోల్తంటే నువ్వు ఊరుకుంటావు, నీ పద్ధతి నాకు తెలుసు. నువ్వు ఊరుకునేసరికి, నాకు కనపడతందనుకున్నారా. నిజంగా కనపడతన్నట్టే ఉంది. ఎంత బాగుందో ఆ కాసేపు."

ఆ నెలలోనే పోయాడు. ఆ కాసేపు గట్టిగా లెక్కేస్తే నిమిషం కూడా ఉండదు. ఆయన దాన్ని ఓ పండగలా, నేను ఓ నేరంలా, ఒకే వీధిలో ముప్పై ఏళ్ళు ఎవరికి వాళ్ళం దాచుకుని బతికాం. ఒక్కరోజు ముందు నోరు విప్పి ఉంటే, ఆ ఒక్కరోజైనా ఇద్దరం కలిసి బతికేవాళ్ళం.