మేడం వెనక్కి తెచ్చిన బాణం గుర్తు

మా డ్రాయింగ్ మేడం పోయిన మంగళవారం మానుకోటలో కన్నుమూశారు. కబురు అందినప్పుడు జనగామలోని నా ఫ్లెక్సీ దుకాణంలో ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ప్రింటవుతోంది. మిషన్ ఆపాలని కూడా తోచలేదు. తొమ్మిదో తరగతిలో నా చేతికి బ్రష్షు ఇచ్చింది ఆమే. ఈ దుకాణం ఆమె పుణ్యమే.

రిటైరయ్యాక మేడంకు ఒక పని దొరికింది. గుట్ట మీది పాత గుడి చూడవచ్చేవాళ్ల కోసం, దాన్ని కట్టిన రాజుల చరిత్ర చెప్పే బోర్డులు తయారు చేయడం. ఆమె గీసేవారు, నేను ప్రింటు తీసేదాన్ని. మోకాళ్ల నొప్పులతో ప్యాసింజర్ దిగి వచ్చి, స్టూలు మీద కూలబడి, "జర చాయ్ తాగనియ్యి బిడ్డా, రాజులు యాడికి పోరు" అనేవారు. చదివేవాళ్లు ఎండలో నిలబడి ఉంటారని గుర్తుచేస్తూ ఒక్కో వాక్యాన్ని ఎన్నిసార్లు కత్తిరించారో! నాకు విసుగొచ్చేది.

మొదటి బోర్డులో రాజుల పేర్లకంటే ముందు ఆడవాళ్ల బాత్రూంకు దారి చూపే బాణం గుర్తు గీశారు. ఈ పని ఇచ్చిన ఆఫీసాయన నవ్వాడు.

"చరిత్ర బోర్డు మీద బాత్రూం ఏంది మేడం?"

"ఒంటేలు ఆపుకున్న పిల్ల మీ చరిత్ర ఎట్ల చదువుతది సార్?"

విహారయాత్రల్లో ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు ముట్టకుండా తిరగడం ఆమె ఏళ్ల తరబడి చూశారు. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి బాణానికి విడిగా ఓ బోర్డు పెట్టడానికి ఒప్పించారు.

బిగించడానికి ఇద్దరం గుట్ట ఎక్కాం. బాత్రూంకు తాళం. చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మేడం మెట్టు మీద కూర్చుండిపోయారు.

"తాళమేసిన గదికి బాణం పెట్టి నేను అబద్ధమాడ. వాపస్ తీసుకపోదాం పా."

ఆమెను అంత అలసటగా ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత మేడం ఫోన్ చేసినప్పుడల్లా ఆఫీసువాళ్లు తాళం రేపు తీస్తామన్నారు. ఆ రేపు రాకముందే ఆమె వెళ్లిపోయారు.

మొన్న ఆఫీసు నుంచి నాకు ఫోన్. గుడికి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారట, బాణం బోర్డు అర్జంటుగా కావాలట.

"తాళం తీసిండ్రా సార్?"

"ముందుగాల బోర్డు పెట్టుండ్రి. అది తర్వాత సూద్దాం."

"తీసినంక చెప్పుండ్రి" అని పెట్టేశాను. ఆఫీసు పనులు పోతే నాకు కష్టమే. అయినా మేడం మాట కాదనే మనసు నాకు లేదు.

నిన్న మధ్యాహ్నం ఆ బోర్డును గోడకు ఆనించి దుమ్ము తుడుస్తున్నాను. బస్టాండు వైపు నుంచి ఒకామె చిన్న బిడ్డను లాక్కుంటూ వచ్చి గడపలో ఆగింది.

"అక్కా, గిటేనా?" అంది బాణం చూసి.

బాణం దుకాణం వెనక్కి చూపిస్తోంది. మా బాత్రూం అటే.

"గిటే. పో బిడ్డా."

పిల్ల పరిగెత్తింది. లోపలి నుంచి గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించింది.