మత్మాతాలో గోతి ఇల్లు కూలిన రోజు

తెబ్రా మా అమ్మకు చెల్లెలు. పిరికిది. తేలు కనబడితే ఊరంతా వినేలా అరిచేది. దక్షిణ ట్యునీషియాలోని మా మత్మాతా కొండల్లో అప్పట్లో ఇళ్లు కట్టేవాళ్లు కాదు, నేలలోకి తవ్వేవాళ్లు. నడుమ బావిలాంటి లోతైన వాకిలి, చుట్టూ మట్టిగోడల్లో గదులు, బయటికి పోవడానికి ఏటవాలు సొరంగం. పెళ్లయి అలాంటి ఇంటికే వచ్చింది పిన్ని. భర్తకు ట్యునిస్ నగరంలో రొట్టెల బట్టీలో పని. ఇంట్లో పిన్ని, అత్త హనియా, చంటిపిల్ల సాల్హా.

మాది వాన కోసం మొక్కుకునే ఊరు. కానీ ఆ శరత్కాలంలో వాన పట్టుకుంటే వదల్లేదు. గోడలు చెమర్చాయి. గది కప్పుల నుంచి మట్టి పెళ్లలు రాలడం మొదలైంది.

"అత్తా, పైకి పోదాం. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు" అంది పిన్ని.

"పసిదాన్నెత్తుకుని ఈ జారుడులో ఎక్కడికే? కాస్త తెరిపివ్వనీ" అంది హనియా.

తెరిపివ్వలేదు. మధ్యాహ్నానికి సొరంగం కప్పు ఒక్కసారిగా కుంగింది. అందులో కట్టేసిన గాడిద ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది.

పిన్ని పార అందుకుంది. వాకిట్లో నీళ్లు మడమలు దాటాయి. వెనక సాల్హా గుక్కపట్టి ఏడుస్తోంది. "అల్లా, అల్లా" అంటూ పిన్ని పిచ్చిదానిలా సొరంగంలో కూలిన మట్టి తవ్విపోస్తోంది. హనియా కొయ్య పళ్లెంతో ఎత్తి అవతల పోస్తోంది.

అప్పుడు పైన గోతి అంచు నుంచి కేక. "తవ్వకండి! పెద్దమ్మా, తవ్వొద్దు!"

గానుగ నడిపే ధావ్. ఒకసారి మిడతలొచ్చాయని అబద్ధమాడి ఆడవాళ్లందరినీ పొలాలకు పరిగెత్తించి, నవ్విన మనిషి.

"నీ ఎగతాళికి ఇదా సమయం? తాడు తే!" అని కిందనుంచి అరిచింది పిన్ని.

"ఎగతాళి కాదు చెల్లెమ్మా! వాగు దారి మళ్లింది. మీ సొరంగం నోటి ముందే పారుతోంది. ఆ మట్టి తీశారా, ఆ నీరంతా మీ మీదికే! తాడు నేను తెస్తా, మీరు కదలొద్దు!"

మనిషి మాయమయ్యాడు. పిన్ని మళ్లీ పార ఎత్తింది. హనియా దాని కర్ర పట్టుకుంది.

"వదులు అత్తా! వాడి మాట నమ్మి ఇక్కడ కూర్చుని చావమంటావా?"

"వాడు పైనుంచి చూస్తున్నాడే. నీకూ నాకూ కనబడేది ఈ మట్టేగా."

"అబద్ధమైతే?"

"అబద్ధమైతే చస్తాం. పొద్దున్నుంచీ అల్లాను పిలుస్తున్నావు. ఆయన ఒక మనిషిని పంపితే వినవా?"

పిన్ని పార వదిలింది. ధైర్యమొచ్చి కాదు, చేతుల్లో సత్తువ పోయి.

ఇద్దరూ బిడ్డతో వాకిలి నడుమ రాతి అరుగెక్కి నిలబడ్డారు. కళ్లముందే మగ్గమున్న గది కూలిపోయింది. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. అవతల ఏదో హోరు, వానదో వాగుదో తెలియదు. పిన్నికి చిన్నప్పటి నుంచి చదివిన ప్రార్థనలో ఒక్క ముక్క గుర్తు రాలేదట. పైన బూడిదరంగు ఆకాశపు ముక్కను చూస్తూ "చూస్తున్నావు కదా, చూస్తున్నావు కదా" అనుకుంటూ నిలబడింది.

ధావ్ వచ్చాడు. అతడితో మరో ఇద్దరు. ముందు బిడ్డ, తరువాత పిన్ని, చివర హనియా తాడుతో పైకొచ్చారు. పైకొచ్చాక పిన్ని తిరిగి చూసింది. సొరంగం నోటిని ఒరుసుకుంటూ నిలువెత్తు ఎర్రనీరు పోతోంది. లోపల కూలిన మట్టే దానికి అడ్డు. ఇంకాస్త తవ్వి ఉంటే? పిన్ని బిడ్డను అందుకుని గుండెకు అదుముకుంది.

ఆ రాత్రికి ఊరంతా గుట్టమీది బడిలో తలదాచుకుంది. అక్కడ తెలిసింది: ధావ్ ఇల్లు పొద్దున్నే కూలిపోయింది. భార్య మస్‌ఊదా మట్టి కిందే ప్రాణం విడిచింది. అతడు ఏం చేయాలో తోచక గోతుల అంచులమ్మట తిరుగుతూ మా పిన్ని వాళ్ల ఇంటిదాకా వచ్చాడు.

ఆడవాళ్లు పిన్నిని వాటేసుకుని, "అల్లా పైనుంచి చూశాడే, ధావ్‌ను పంపాడు" అన్నారు. మూలనున్న ధావ్ తలెత్తాడు.

"మరి మా ఇంటి మీద నిలబడి అరవడానికి ఎవర్ని పంపాడు పెద్దమ్మా?"

 హనియా లేచి వెళ్లి అతడి పక్కన కూర్చుంది.

"నాకు తెలీదు నాయనా. ఆయనకు కనబడుతుందనే నమ్ముతున్నా. నాకైతే కనబడటం లేదు." అతడి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ధావ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తరువాత అందరం ఎగువన కొత్త ఊళ్లో రాతి ఇళ్లు కట్టుకున్నాం. పిన్ని ఐదుపూటలా నమాజు తప్పలేదు. శుక్రవారం గోధుమరవ్వతో కుస్‌కుస్ వండితే మొదటి గిన్నె పిన్నే ధావ్ ఇంటికి పట్టుకెళ్లేది. అతడి ఎదుట ఎవరైనా ఆ రోజు సంగతెత్తి అల్లా కాపాడాడనబోతే మాత్రం, పిన్ని మాట మళ్లించి, "తిను అన్నా, చల్లారిపోతుంది" అనేది.