అమ్మ చంకలో కదిలినవి

అమ్మ చంకలో ఉసిరికాయంత గడ్డ తేలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. క్యాన్సరేమోనన్న భయంతో కళింగపట్నం నుంచి విజయనగరం తీసుకెళ్లి స్కానింగ్ చేయించాను.

డాక్టరమ్మ తెరను మా వైపు తిప్పింది. నల్లటి గుంటలో సన్నని తెల్లటి దారాలు మెలికలు తిరుగుతున్నాయి. అమ్మ ఊపిరి బిగబట్టినా అవి ఆగలేదు.

"క్యాన్సర్ కాదు. దోమకాటుతో వచ్చే బోదకాలు పురుగులు. కాళ్లలోనే కాదు, చంక గ్రంథుల్లోనూ చేరి ఏళ్ల తరబడి బతుకుతాయి. ఒంట్లోని కాపలాను జోకొట్టే పదార్థాలు వదులుతుంటాయి. అందుకే మీ ఒళ్లు వాటిమీద తిరగబడలేదు," అంది.

"ఇన్నేళ్లూ నా ఒంట్లో ఉంటే నాకే తెలీకపోడం ఏటమ్మా?" అంది అమ్మ.

"మందులకి అవి చచ్చేటప్పుడు తెలుస్తుంది. జ్వరమొస్తే భయపడకండి."

మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజు మధ్యాహ్నం అమ్మ వణికిపోయింది. గడ్డ ఎర్రగా వాచింది. నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "సచ్చిపోతన్నాయే. ఇప్పుడు తెలుస్తన్నాది," అంది.

కొన్ని వారాలకి గడ్డ కరిగింది. అవే దోమలు నన్నూ కుట్టి ఉంటాయని డాక్టరమ్మ నన్నూ స్కానింగ్ చేయించుకోమంది. ఆ తెర మీద నా లోపలిది చూడాలంటే భయమేసి, నేనింకా వెళ్లలేదు.