ఎన్నడూ దిగని ఫొటో

కరీంనగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని నాది. పెళ్లి చేసుకోబోయే జంటలకు ఇప్పుడు మామూలు ఫొటోలు కంటికి ఆనడం లేదు. రాజూ రాణీలా కోట బురుజు మీద నిలబడాలి, పక్కన ఏనుగు ఉండాలి, ఆ ఫొటో ఏ ముత్తాత పెట్టెలోనో దొరికినట్టు కనిపించాలి. ఫిల్ము రాకముందు గాజు పలకల మీద మందు పూసి ఫొటోలు తీసేవారు. వాటి గోధుమ రంగు, అంచుల్లో మందు కారిన చారలు, మూలన పగులు అన్నీ మౌసుతో గీస్తాను. అందులో బురుజూ ఉత్తదే, పాతదనమూ ఉత్తదే. జనం మాత్రం మురిసిపోతూ తీసుకుపోతారు.

మా అవ్వ మెట్‌పల్లిలో ఉంటుంది. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. ఒకసారి కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి, నా పని అయ్యేదాకా స్టూడియోలో నా పక్కనే కూర్చుంది.

"గీళ్లు ఎప్పటోళ్లు బిడ్డా?" అని తెర వైపు చూపించింది.

"మొన్ననే దిగిన్రవ్వా. నేనే పాతగ చేసిన."

ఇంటికి పోతుంటే ఆటోలో అడిగింది. "మరి మా అవ్వను చేస్తవా?"

మా అవ్వను కన్న తెల్లారే వాళ్లమ్మ చనిపోయింది. ఆమె బతికుండగా ఒక్క ఫొటో దిగలేదు. అవ్వను పెంచిన నాయనమ్మకు కోపమొస్తే "తల్లిని మింగినదానా" అని తిట్టేదట. ఆ మాట అవ్వ మాకు నవ్వుతూనే చెప్పేది.

అవ్వ వాళ్లమ్మను చూసినవాళ్లలో ఇంకా మిగిలింది ఆమె సొంత అక్క ఒక్కతే. మా అవ్వకు పెద్దమ్మ. కొడుకు దగ్గర కాగజ్‌నగర్‌లో ఉంటుంది. నేనూ అవ్వా పెద్దపల్లిలో రైలెక్కి పోయాం. మీ చెల్లె ఎట్లా ఉండేదని ముసలామెను అడిగాను.

"ఏం చెప్పాలె బిడ్డా? నల్లగ, సన్నగ ఉండేది. గదువ మీద పచ్చబొట్టు. పన్ను మీద పన్ను ఉండె, గందుకే నవ్వుతె చెయ్యడ్డం పెట్టుకునేది. గాజులంటె మస్తు పానం. జాతరల కొత్త గాజులు ఏసుకుంటె ఇగ చెయ్యి దించకపోయేది."

"ముక్కు ఎట్లుండేది?" అన్నాను.

"ముక్కు..." అని ఆగిపోయింది. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "యాదికి వస్తలేదు బిడ్డా. నా చెల్లె ముక్కు నాకు యాదికి వస్తలేదు."

అవ్వ పెళ్లినాటి ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. ఆ ముఖాన్నే తీసుకుని వయసు తగ్గించాను. పోయిననాటికి ఆమెకు పదిహేడేళ్లు ఉంటాయని పెద్దమ్మ చెప్పింది. గడ్డం మీద పచ్చబొట్టు పెట్టి, నేత చీర కట్టించాను. మా బిడ్డ పసితనపు ఫొటోలోంచి ముఖం తెచ్చి, పాత బట్టలో చుట్టి ఆమె ఒడిలో పెట్టాను. ఆ పసిబిడ్డ మా అవ్వ. చివరికి అన్ని ఫొటోల మాదిరిగానే మరకలూ చారలూ వేశాను.

అచ్చు వేయించి మెట్‌పల్లి తీసుకుపోయాను. అవ్వ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"గింత చిన్నపొల్లనా?" అన్నది. "నీ బిడ్డ ఈడుది."

మా బిడ్డ అప్పుడు ఇంటర్ చదువుతోంది.

"అవ్వ అంటె పెద్దమనిషి అనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న. నన్ను ఇడిశిపెట్టి పోయిందని కోపం చేసిన. గీ పొల్ల మీదనా నేను కోపం చేసింది?" కాసేపటికి మళ్లీ, "మొఖం మీద గా మరకేంది? తీసెయ్యి. జర మంచిగ ఉండనియ్యి" అన్నది.

కొన్నాళ్లకు ఫోన్ చేసింది. "ఒళ్లెకెల్లి నన్ను తీసెయ్యి బిడ్డా."

"ఎందుకవ్వా?"

"నేను పుట్టకుంటె బతికుండేది గదా."

"గట్లనకవ్వా" అన్నాను.

"నేనేం పరేషాన్ అయితలేను. ఒక్కదాన్నే ఉండనియ్యి దాన్ని. నిమ్మలంగ కూసోనియ్యి."

బిడ్డను తీసేస్తే అక్కడ చీర లేదు, చేతులు లేవు. మడత మడతగా చీర గీసుకుంటూ వచ్చాను. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, నిండా గాజులు తొడిగాను. ముఖం మీది మరక తీసేశాను. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరూ నా గదిలోకి రాకుంటే బాగుండని ఉండింది. మొదటి ఫొటోను చెరిపేయడానికి చేతులు రాలేదు. అవ్వకు చెప్పలేదు.

కొత్తది పెద్దమ్మ కొడుకు ఫోన్‌కు పంపాను. సాయంత్రం ఆమే మాట్లాడింది. "మొఖం కలుస్తలేదు బిడ్డా. గిది మీ అవ్వ మొఖమే. గాజులైతె మస్తున్నయి. మీ అవ్వతోని అనకు."

కొత్తది అచ్చు వేయించి మెట్‌పల్లి తీసుకుపోయాను. "పెద్దమ్మ ఏమన్నది?" అని అవ్వ అడిగింది.

"గాజులు మంచిగున్నయన్నది."

"మొఖం సంగతి అననేలే?"

నేను ఫొటోకు చుట్టిన కాగితం విప్పసాగాను.

"పోనియ్యి" అన్నది అవ్వ.

ముందు గదిలో దండ వేసిన బాపు ఫొటో ఉంది. దీన్నీ ఆ పక్కనే పెడదామా అని అడిగాను.

"వద్దు. ఆడ సచ్చినోళ్లుండేది" అని, వంటింట్లో పొయ్యికి ఎదురుగా మేకు కొట్టమన్నది. కొట్టాను.