పోతుతీగకు నీళ్లు

గొంతు క్యాన్సరుకు ఆస్పత్రిలో కరెంటు పెట్టించాక మా అత్త నాలుక చచ్చిపోయింది. ఏది పెట్టినా మట్టి తిన్నట్టుందని కంచం పక్కకు నెట్టేది. మనిషి చిక్కి సగమైంది. రుచి మెల్లగా వస్తుంది, అంతవరకు ఎలాగైనా తినిపించండి అని డాక్టరు చెప్పి పంపాడు. ఆ 'ఎలాగైనా' నా నెత్తిన పడింది. ఒకరోజు ఆమే నోరు తెరిచి అడిగింది, ఆగాకరకాయ వేపుడయితే రెండు ముద్దలు దిగుతాయేమోనని.

ఉరవకొండ సంతలో ఆ కాయ కనబడితే కనబడినట్టు, లేకుంటే లేదు. అందుకే గడ్డలు తెప్పించి పెరట్లో నాటాను. మొలిచినవి రెండే. ఒకటి కాసే తీగ, ఒకటి పోతుతీగ. పోతుది పూలు పూస్తుందే గానీ కాయదు. అయితే దాని పుప్పొడి తగిలితేనే రెండోది కాస్తుంది. మా బోరు ఎప్పుడో ఎండిపోయింది. ట్యాంకరు నీళ్లు తాగడానికీ వంటకీ సరి. బియ్యం కడిగినవీ అంట్లు తోమినవీ బకెట్లో పట్టి, నడుము పట్టుకుని రెండింటికీ పోసేదాన్ని. విసుగొచ్చేది. ఎవరి మీద అంటే ఏం చెప్పను, అందరి మీదా.

పందిరి పచ్చగా పూతకొచ్చిన వేళ, నేను రేషనుకు వెళ్లి వచ్చేసరికి పోతుతీగ గోడ మీద వాడిపోయి ఉంది. లేచి నిలబడే ఓపిక లేని మనిషి దాన్ని గడ్డతో సహా తవ్వి పారేసింది. జన్మంతా వేరుశనగ చేలో కలుపు తీసిన చెయ్యి మరి. మా వైపు కాయనిదానికి చుక్క నీళ్లు పోసినా పాపం కింద లెక్క.

"కాయనిదానికి నీళ్లు మోసి మోసి సస్తాండావు. సూడలేక పీకేసినా," అంది.

ఏడవాలో అరవాలో తెలియలేదు. అసలు సంగతి చెబితే ఆ మనిషి ఇంకేం తింటుంది? వాడిన తీగను చుట్టి దిబ్బలో వేసి వచ్చాను.

ఆడపూలు పిందెలతో సహా రాలడం మొదలైంది. ఊరి బయట గుట్ట కింద కంచెకు అడవి ఆగాకర పాకి ఉంటే, రోజూ సాయంత్రం నడిచి వెళ్లి పోతుపూలు కొంగులో తెచ్చి ఒక్కో ఆడపువ్వుకు అద్దేదాన్ని. మోకాళ్లు పట్టేసేవి. ఎందుకొచ్చిన తిప్పలురా దేవుడా అని తిట్టుకుంటూనే పోయేదాన్ని. యాడికి పోతాండావని అత్త అడిగితే పనుందనేదాన్ని.

చివరికి పిడికెడు కాయలు నిలిచాయి. కారం ఆమె గొంతుకు పడదు కాబట్టి వేరుశనగ పొడి మాత్రం చల్లి వేయించి, అన్నంలో కలిపి పెట్టాను. మెల్లగా నమిలింది. ఇంకొంచెం వేయమంది. కంచం ఖాళీ చేసింది.

"రుచి తెలిసిందా అత్తా?"

"తెలిసింది పాపా. మా యమ్మ చేసినట్టే ఉండాది. ఇంక నా కోసం నువ్వు యాడికీ తిరగొద్దు."

ఎన్నాళ్లకో ఆమె కంచం సంతోషంగా కడిగాను. తర్వాత వంటింట్లో చతికిలబడి, మిగిలిన వేపుడు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పే తగల్లేదు. అలసటలో వేయడమే మరిచిపోయాను.

"తింటివా?" అని గదిలోంచి అడిగింది.

"తింటాండా అత్తా. బాగుండాది," అన్నాను.

ఉప్పు డబ్బా చేతికందే దూరంలోనే ఉంది. వేసుకోబుద్ధి కాలేదు.